డిసెంబరు నుంచి వెనక్కి

ఎరోని పడిపోవడం రగ్బీ స్టేడియంలో అందరూ చూశారు. అతని చెయ్యిని చూసింది మాత్రం రెమీ కాస్తెరా ఒక్కడే.

అవతలి జట్టులోని భారీ మనిషి ఒకడు బంతిని పొట్టకి అదుముకుని ఎద్దులా దూసుకొస్తుంటే, ఎరోని నడుం వంచి అతని తొడలకి అడ్డంగా పడ్డాడు. మనిషిని పట్టి పడేసే ఆ టాకిల్ బాగానే కుదిరింది. తల మాత్రం ఉండాల్సిన వైపున లేదు. మోకాలు కణతకి తగిలిన చప్పుడు రెమీకి వినిపించింది, పచ్చి గుమ్మడికాయని గట్టు మీద ఎత్తి కొట్టినట్టు. ఇద్దరూ కూలబడ్డారు. బంతి జారిపోయింది. జనం లేచి కేకలేశారు. ఆ కేకల మధ్య ఎరోని వెల్లకిలా పడి ఉన్నాడు. కుడి చెయ్యి మోచేతి దగ్గర మడిచినట్టయి, వేళ్లు దేన్నో అందుకోబోయినట్టు వంకర తిరిగి, గాలిలో అలాగే నిలిచిపోయింది. ఆ చెయ్యిని ఎవరూ ఎత్తలేదు. ఎరోని కూడా ఎత్తలేదు.

రిఫరీ బంతి వెనకాల ఉన్నాడు. జట్టు డాక్టర్ బరేర్ ఆ సమయానికి లోపలి గదిలో ఇంకొకడి కనుబొమకి కుట్లు వేస్తోంది. ఫిజియో పరిగెత్తుకొచ్చి మోకాళ్ల మీద కూర్చునేసరికి చెయ్యి కిందికి వాలిపోయింది. మొహాన నీళ్లు కొట్టాడు.

"ఎలా ఉంది?"

"బాగుంది."

ఫిజియో తన చెవిలో పెట్టుకున్న యంత్రాన్ని వేలితో నొక్కుకుని, గీత బయటి నుంచి కోచ్ అన్న మాట విని, తల ఊపాడు. "అయితే లే."

ఎరోని లేచాడు. జనం చప్పట్లు కొట్టారు.

తర్వాత స్క్రమ్. రెండు జట్లవాళ్లు ఎనిమిదేసి మంది వంగి, భుజాలు కలిపి తోసుకునే ఆ పోరులో ముందు వరస మధ్యలో ఉండేది హుకర్. ఆ స్థానం రెమీది. పదిహేనేళ్లుగా చెవులకి పట్టీ చుట్టుకుని, అటూ ఇటూ ఆనుకుని నిలబడే ప్రాప్‌ల మెడల మీద చేతులు వేసి, తలని అవతలివాళ్ల తలల మధ్యకి దూర్చడమే అతని ఉద్యోగం. వంగబోయే ముందు వెనక్కి తిరిగి అడిగాడు.

"ఎరోని, మనం ఎటువైపు ఆడుతున్నాం?"

ఎరోని నవ్వాడు. ఏదో చెప్పాడు. అది ఫ్రెంచి కాదు. వాళ్ల ఫిజీ దీవి మాట.

"వీడు పాట మొదలెట్టాడు రోయ్," అన్నాడు ఎడమ పక్క ప్రాప్ లఫార్గ్.

"వాడికి దెబ్బ తగిలింది."

"ఎవడికి తగల్లేదు? వంగు, వంగు. రిఫరీ చూస్తున్నాడు."

రెమీ వంగాడు.

మ్యాచ్ గెలిచారు. సీజన్లో ఇంక ఒక్కటే మిగిలింది, వచ్చే శనివారం. అదీ గెలిస్తే రెండో డివిజన్లో నిలబడతారు. ఓడితే మూడో డివిజన్‌కి జారతారు. అక్కడ జీతాలిచ్చి ఆడించే క్లబ్బులు తక్కువ, సగంమంది వేరే పనులు వెతుక్కోవాల్సిందే. అందుకే ఆ రోజు డ్రెస్సింగ్ రూమ్‌లో అరుపులు మామూలుగా లేవు. బీరు నేలంతా ఒలికింది. లఫార్గ్ బల్లెక్కి నాట్యం చేస్తున్నాడు. కోచ్ సెర్జ్ దుప్రా లోపలికి వచ్చి అందరికీ వినపడేలా అన్నాడు: "ఇవాళ మ్యాచ్ గెలిపించిన టాకిల్ ఎవరిదో తెలుసుగా!"

ఆ టాకిల్ వేసినవాడు స్నానాల గదిలో ఉన్నాడు. రెమీ వెళ్లి చూస్తే ఎరోని షవర్ కింద నిలబడి ఒళ్లంతా సబ్బు రుద్దుకుంటున్నాడు. కాళ్లకి బూట్లు అలాగే ఉన్నాయి. సబ్బు నురగ వాటి మీదుగా కారుతోంది.

రెమీ నీళ్లు కట్టేసి, అతని ముందు మోకాళ్ల మీద కూర్చుని, తడిసి బిగిసిపోయిన లేసులు గోళ్లతో విప్పాడు. ఎరోని చిన్నపిల్లాడిలా ఒక చెయ్యి రెమీ భుజం మీద ఆనించి ఒక కాలు ఎత్తాడు, తర్వాత రెండోది.

"థాంక్స్ కెప్టెన్," అన్నాడు. "ఎప్పుడు మొదలవుతుంది మ్యాచ్?"

ఆదివారం మధ్యాహ్నం రెమీ వాళ్ల ఇంటికి వెళ్లాడు. మందుల షాపు మీద రెండు గదుల వాటా. తలుపు తీసిన లితియా, ఎరోని భార్య, ముందు వేలు పెదాల మీద పెట్టుకుంది. గదిలో కర్టెన్లు వేసి ఉన్నాయి. ఎరోని నేల మీద చాప వేసుకుని, కళ్ల మీద తడిగుడ్డ కప్పుకుని పడుకున్నాడు. పిల్లలిద్దరూ వంటగదిలో బల్ల కింద కూర్చుని చప్పుడు చెయ్యకుండా బొమ్మ కార్లు తోసుకుంటున్నారు.

లితియా అతనికి కొబ్బరిపాలతో వండిన చేపా, ఉడకబెట్టిన చామదుంపలూ పెట్టింది. తినేదాకా ఏమీ అనలేదు. కంచం తీస్తూ అంది:

"రాత్రి ఈయన, మా చిన్నోడు ఎక్కడ పుట్టాడని నన్ను అడిగాడు. చెప్పాను. కాసేపటికి మళ్లీ అడిగాడు. నువ్వు కెప్టెన్‌వి రెమీ. నువ్వు చెప్తే వింటారు."

"చెప్పొద్దు," అన్నాడు ఎరోని చాప మీంచి, గుడ్డ తియ్యకుండానే.

"నువ్వు నోరు ముయ్యి," అంది లితియా.

"జూన్‌తో నా కాంట్రాక్టు అయిపోతుంది. శనివారం ఆడకపోతే మళ్లీ ఎవడు రాస్తాడు? కాంట్రాక్టు లేకపోతే ఈ దేశంలో ఉండనివ్వరు. అక్కడ మా అమ్మ దగ్గర్నుంచి మా చెల్లెలి పిల్లల దాకా అందరూ నా మీదే ఉన్నారు. తలనొప్పి అంతే కెప్టెన్. రేపటికి పోతుంది. మాట ఇవ్వు."

రెమీ మాట ఇవ్వలేదు. అలాగని కాదనీ అనలేదు. మెట్లు దిగుతుంటే ఆ సంగతే తనకి నచ్చలేదు.

సోమవారం పొద్దున మామూలుగా ఆడిన ఆట వీడియో చూపిస్తారు. అందరూ ప్లాస్టిక్ కుర్చీల్లో కాళ్లు చాపుకుని, ఐసు సంచులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నారు. ఎరోని వెనక వరసలో నల్ల కళ్లద్దాలు పెట్టుకుని కూర్చుంటే లఫార్గ్ "సినిమా స్టార్ వచ్చాడు" అన్నాడు. దుప్రా దీపాలు ఆర్పేసి టాకిల్ చూపించాడు. ఒకసారి మామూలుగా, ఇంకోసారి నిదానంగా. భుజం తగలడం, ఇద్దరూ కూలడం, బంతి జారడం. అక్కడ బొమ్మ ఆపేశాడు.

"నా జట్టులో నాకు కావాల్సింది ఇది," అన్నాడు. "ఒంటిని చూసుకునేవాడు కాదు, బంతిని చూసుకునేవాడు."

చప్పట్లు మోగాయి. రెమీ కూడా కొట్టబోయి, అరచేతులు దగ్గరికి వచ్చాక ఆగాడు.

"ఇంకాస్త ముందుకి పోనియ్యి సెర్జ్," అన్నాడు.

"ఏంటి?"

"ఆపినచోటి నుంచి ముందుకి. కొంచెం."

"అక్కడ ఏం లేదు. రిఫరీ ఈల వేశాడు."

"ఏం లేకపోతే చూపిస్తే నష్టమేంటి?"

ఎవరో దగ్గారు. దుప్రా ఒక క్షణం రెమీ వైపు చూసి, మీట నొక్కాడు. తెర మీద జనం లేచారు, ఆటగాళ్లు బంతి మీదికి దూకారు. వాళ్ల కాళ్ల సందులోంచి చెయ్యి ఒకటి పైకి లేచి నిలబడింది. నిదానంగా తిరుగుతున్న బొమ్మ కావడంతో అది చాలాసేపు అలాగే ఉంది. కుర్చీలు కిర్రుమనడం కూడా ఆగిపోయింది. తలకి గట్టి దెబ్బ తగిలి స్పృహ తప్పినవాడి చెయ్యే అలా నిలుస్తుందని అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. ఎక్కడో ఒకచోట చూసినవాళ్లే అందరూ.

దుప్రా దీపాలు వేశాడు. "కెప్టెన్, నా గదికి రా."

గదిలో కూర్చోమనలేదు.

"నువ్వు ఎవరి కెప్టెన్‌వి? శనివారం ఆట ఏంటో నీకు తెలీదా? ఈ ఊళ్లో పుట్టావు. మీ నాన్న ఇదే జెర్సీ వేశాడు."

"డాక్టర్‌కి చూపించు. అదొక్కటే అడుగుతున్నా."

"చూపిస్తే పడుకోబెడుతుంది. వాడు లేకుండా గెలుస్తామా? చెప్పు."

"లేదు."

"మరి?"

రెమీ పక్కకి తిరిగాడు. కిటికీలోంచి చూస్తే, మైదానం మీద మనిషి ఒకడు శనివారం కాళ్లకింద లేచిపోయిన పచ్చిక గడ్డల్ని పలుగుతో సర్దుతున్నాడు. రెమీ అటే చూస్తూ, తనకే కొత్తగా తోచిన మాట అన్నాడు.

"వాణ్ణొక్కణ్ణీ అయితే వాడికి అవమానం. అందర్నీ పరీక్ష చెయ్యమందాం. ముందు వరస నుంచి చివరిదాకా. మొదట నేను కూర్చుంటా."

"పిచ్చెక్కిందా నీకు?"

తలుపు దగ్గరి నుంచి డాక్టర్ బరేర్ గొంతు వినిపించింది. ఆవిడ ఎప్పుడొచ్చిందో ఇద్దరూ చూడలేదు. "బుధవారం ఉదయం చేస్తాను," అంది. "శనివారం నేను అక్కడ ఉండాల్సింది. లేను. బుధవారం ఉంటాను సెర్జ్. వద్దంటే లీగ్ వాళ్లకి నేనే ఫోన్ చేస్తాను."

బయట కార్ల దగ్గర ఎరోని ఎదురుచూస్తున్నాడు. కళ్లద్దాలు తీసేశాడు. వెలుగు గుచ్చుకుంటుంటే కళ్లు చిట్లించుకుని నిలబడ్డాడు.

"నిన్ను ఇంట్లోకి రానిచ్చాను," అన్నాడు. "మా ఆవిడ వడ్డించింది. తిన్నావు."

"ఎరోని..."

"నీకు ఇక్కడ పొలం ఉంది. బాతులున్నాయి. ఆట పోతే నువ్వు ఇంటికెళ్తావు. నేనెక్కడికెళ్లాలి?"

రెమీ ఏదో అనేలోపు అతను నడిచి వెళ్లిపోయాడు. కారెక్కలేదు. గోడ పక్కనే నీడ చూసుకుంటూ నడిచాడు.

బుధవారం డాక్టర్ గది ముందు నడవాలో అందరూ బెంచీల మీద కూర్చున్నారు. పరీక్షంటే ఎవరికీ భయం లేదు. ఏటా ఆగస్టులో, సీజన్ మొదట్లో, ఒంట్లో బాగున్నప్పుడు ఒకసారి పెడతారు. తర్వాత ఎప్పుడైనా తలకి దెబ్బ తగిలితే మళ్లీ పెట్టి, ఆగస్టు మార్కులతో పోల్చి చూస్తారు. దాన్ని దాటడానికి లఫార్గ్ ఎప్పుడో ఉపాయం కనిపెట్టాడు.

"ఆగస్టులోనే వెధవ మొహం వేసుకుని సగం తప్పులు చెప్పాలి," అని కొత్తవాడికి నేర్పుతున్నాడు. "మనకి బుర్ర లేదని ముందే రాయించుకుంటే, తర్వాత అది పోయిందని ఎవడూ అనలేడు."

నడవా అంతా నవ్వింది. రెమీ కూడా నవ్వాడు. ఆ ఉపాయం తనూ ఏటా వాడుతున్నదే. మొన్న ఆగస్టులో కూడా తెలిసిన మాటలు తెలియనట్టు నసిగి, ఒంటికాలి మీద కావాలనే తూలి వచ్చాడు. కానీ ఈసారి అలా కాదని ఇంటి దగ్గరే అనుకున్నాడు. తను మొదట కూర్చుని తనే మోసం చేస్తే ఇంక ఎరోనిని ఏ మొహంతో కూర్చోమంటాడు? ఈసారి శక్తికొద్దీ చెప్పాలి.

"రెమీ," అని పిలిచింది డాక్టర్.

గది చల్లగా ఉంది. ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని అంది: "మాటలు చదువుతాను. గుర్తున్నన్ని తిరిగి చెప్పు. మళ్లీ చివర్లో కూడా అడుగుతాను. దీపం. జీను. మిరియం. తువ్వాలు. వంతెన."

"దీపం, జీను, మిరియం..." రెమీ ఆగి, నవ్వి, "తువ్వాలు, వంతెన," అన్నాడు.

"బాగుంది. ఇప్పుడు నెలలు. డిసెంబరు నుంచి వెనక్కి."

"డిసెంబరు. నవంబరు. అక్టోబరు. సెప్టెంబరు. ఆగస్టు." ఇక్కడిదాకా మెట్లు దిగినట్టు దిగాడు. ఆ తర్వాతి మెట్టు కాలికి తగల్లేదు. "ఆగస్టు... సెప్టెంబరు... కాదు. వెనక్కి కదా. ఆగండి. మళ్లీ చెప్తా."

"చెప్పు. తొందరేం లేదు."

మళ్లీ మొదలెట్టాడు. ఈసారి మొదటిసారికంటే గట్టిగా, పిల్లలు బళ్లో అప్పజెప్పినట్టు. మళ్లీ ఆగస్టు దగ్గరే ఆగాడు. ఎండాకాలం తెలుసు. ద్రాక్ష కోతలు ఎప్పుడో తెలుసు. కూతురు పుట్టినరోజు జులైలో అని తెలుసు. కానీ ఆ జులై వచ్చి ఆ వరసలో నిలబడడం లేదు.

బూట్లు విప్పించి, కళ్లు మూసుకుని ఒంటికాలి మీద నిలబడమంది. తూలి బల్ల పట్టుకున్నాడు. ఈసారి కావాలని తూలలేదు. చివర్లో మాటలు అడిగింది. దీపం వచ్చింది. వంతెన వచ్చింది. మిగతావి నాలుక మీదే ఉన్నాయని అతనికి గట్టి నమ్మకం. కాసేపు ఆగితే వస్తాయని ఆగాడు. గోడ గడియారం చప్పుడు విన్నాడు. రాలేదు.

డాక్టర్ కంప్యూటర్‌లో పాత మార్కులు తీసి చూసింది.

"ఆగస్టులో ఇంతకంటే బాగా చెప్పావు."

"ఆగస్టులో నేను..." అని ఆపేశాడు రెమీ.

"నాకు తెలుసు," అంది ఆవిడ మెల్లగా. "ఆగస్టులో మీరందరూ ఏం చేస్తారో నాకు తెలుసు."

ఆ మాటకి అర్థం అతనికి అంచెలంచెలుగా దిగింది. కావాలని తప్పు చెప్పిన రోజు కంటే, ప్రాణం పెట్టి చెప్పిన ఈ రోజు తక్కువ వచ్చింది.

"బంతి విసిరేటప్పుడు సంకేతం గుర్తుంటోందా?" అని అడిగింది.

బంతి గీత దాటి బయటికి పోతే తిరిగి లోపలికి విసరడం హుకర్ పని. ఎవరికి విసరాలో సంకేతంలో చెప్తారు. ఈ శీతాకాలం నుంచి ఆ సంకేతం రెండోసారి చెప్పమని అడగడం రెమీకి అలవాటైంది. జనం గోల అనుకున్నాడు. లఫార్గ్ పక్కకొచ్చి చెవిలో చెప్పి పోయేవాడు. అదీ మామూలే అనుకున్నాడు.

"తులూజ్‌లో నరాల డాక్టర్‌కి ఇప్పుడే ఫోన్ చేస్తాను," అంది ఆవిడ. "రేపు వెళ్లు. ఈలోపు బంతి ముట్టుకోకు. కారు కూడా నడపకు."

నడవాలోకి వచ్చేసరికి అందరూ తలెత్తారు. "ఎన్నొచ్చాయి కెప్టెన్? ఫస్టా?" అన్నాడు లఫార్గ్. రెమీ, తర్వాత వంతు ఎరోనిది కావడంతో అతని కోసం తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఎరోని అతని మొహం చూసి లోపలికి వెళ్లాడు.

రెమీ భార్య సొలేన్ బడి బస్సు నడుపుతుంది. అతను నడుచుకుంటూ బస్సులు నిలిపే చోటికి వెళ్లేసరికి ఆమె చీపురుతో సీట్ల కింద బిస్కట్ ముక్కలు ఊడుస్తోంది. అతను మెట్టు మీద కూర్చుని జరిగింది చెప్పాడు. ఆమె ఊడవడం ఆపలేదు. వెనక సీటు దాకా ఊడ్చుకుంటూ వెళ్లి, అక్కడే నిలబడింది.

"కూరలో ఉప్పు రెండుసార్లు వేస్తున్నావు," అంది. "నేనేం అనలేదు. ఆ గేటు తీసి బాతుల్ని వదిలేసి వచ్చిన రోజూ అనలేదు. అంటే ఆట మానేస్తావని కాదు. అన్నా మానెయ్యవని."

"నాకు తెలీలేదు సొలేన్."

"ఎరోని చెయ్యి కనిపించింది నీకు. అంత గుంపులో, అంత దూరం నుంచి. మంచిదే. చూడాల్సిందే." ఆమె గొంతు కొంచెం పైకి లేచింది. "నీ సంగతి నువ్వెప్పుడైనా చూసుకున్నావా? నన్ను ఒక్కసారైనా అడిగావా, నాలో ఏమైనా తేడా కనిపిస్తోందా అని?"

ఆమె వచ్చి చీపురు పక్కన పెట్టి, అదే మెట్టు మీద ఇరుక్కుని కూర్చుంది. ఒక మెట్టు మీద ఇద్దరు పట్టరు. అతని భుజాలకి సగం బస్సు కావాలి.

మర్నాడు ఆమే తీసుకెళ్లింది. తులూజ్ డాక్టర్ తల లోపలి ఫోటోలు తెర మీద పెట్టి ఓపిగ్గా చెప్పాడు. చాలా మాటలు చెప్పాడు. వాటిల్లో రెమీకి నిలిచింది ఒకటే: ఇక ఆడకూడదు. శనివారమే కాదు, ఎప్పుడూ. జాగ్రత్తగా ఉంటే జబ్బు ముదరకుండా ఆగొచ్చు, కొంత వెనక్కి రావచ్చు కూడా. ఎరోనికి మాత్రం నెల రోజుల విశ్రాంతి చాలు, ఆ తర్వాత మళ్లీ ఆడొచ్చు అని బరేర్ చెప్పింది.

శనివారం ఆట మొదలయ్యే వేళకి ఊరంతా స్టేడియంలోనే ఉంది. ఊరికి సంగతి సగమే తెలిసింది. కెప్టెన్ కోచ్‌తో గొడవపడి తప్పుకున్నాడనీ, పోతూ పోతూ ఫిజీవాణ్ణి కూడా ఆపేశాడనీ అనుకున్నారు. రెమీ కోటు వేసుకుని మెట్ల మీద సొలేన్ పక్కన కూర్చుంటే, వెనక వరసలో ఒక ముసలాయన అందరికీ వినపడేలా అన్నాడు.

"కాళ్లున్నాయి, చేతులున్నాయి. కూర్చున్నాడు చూడు, పెళ్లికొచ్చినట్టు. వాళ్ల నాన్న విరిగిన పక్కటెముకతో ఆడాడు."

సొలేన్ వెనక్కి తిరగబోయింది. రెమీ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఇంతలో ఎరోని, లితియా, పిల్లలూ వచ్చి అదే వరసలో కూర్చున్నారు. ఎరోని నల్ల కళ్లద్దాలతో ముందుకే చూస్తున్నాడు. పలకరించలేదు. కానీ ఖాళీ ఉన్నా వేరే చోటికి పోలేదు.

రెమీ స్థానంలో కొత్త హుకర్ బంతి విసరడానికి గీత దగ్గరికొచ్చాడు. బంతిని తల మీదికి ఎత్తాడు. మెట్ల మీద రెమీ చేతులు కూడా వాటంతట అవే తల మీదికి లేచాయి. కోటు భుజాల దగ్గర బిగిసింది. బంతి సొంత జట్టుకి అందకుండా పోయింది. జనం ఉస్సూరన్నారు.

"తప్పు విసిరాడు," అన్నాడు ఎరోని. సోమవారం తర్వాత రెమీతో అతనన్న మొదటి మాట అది.

"లేదు. సరిగ్గానే విసిరాడు. బంతి అందుకునేవాణ్ణి పైకెత్తాల్సినవాళ్లు ఆలస్యం చేశారు," అన్నాడు రెమీ.

ఎరోని తల ఊపాడు. తర్వాత వేరుశనగల పొట్లం అతని వైపు జరిపాడు.

ఆ మ్యాచ్ ఓడిపోయారు. క్లబ్ మూడో డివిజన్‌కి దిగింది. ఎరోనికి వేసవిలో పక్క జిల్లా క్లబ్ నుంచి పిలుపొచ్చింది, కాంట్రాక్టు దొరికింది. దుప్రా ఇంకో ఊరికి వెళ్లిపోయాడు. అవన్నీ తర్వాతి సంగతులు. ఆట ఇంకా రెండో సగంలో ఉండగానే, రెండు జట్లూ సరిసమానంగా ఉన్నప్పుడు, లఫార్గ్ పడ్డాడు.

పెద్ద దెబ్బేమీ కాదు. గుంపులో ఎవరి మోచెయ్యో తగిలింది. లేచాడు. ఒళ్లు దులుపుకున్నాడు. స్క్రమ్ కోసం అందరూ గుమిగూడుతుంటే నాలుగడుగులు నడిచి ఆగాడు. తన వాళ్లెవరో వెతుక్కుంటున్నట్టు అటూ ఇటూ చూశాడు. గీత బయటి నుంచి దుప్రా రెండు చేతులూ ఊపాడు: పద, పద. లఫార్గ్ ఆ చేతుల్ని చూశాడు. తర్వాత డాక్టర్ బరేర్ వైపు తిరిగి, వేలితో తన తలని చూపించుకున్నాడు. ఆవిడ వచ్చేదాకా ఆగకుండా తనే మైదానం దాటి బయటికి నడవడం మొదలెట్టాడు.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఈలలు లేచాయి. పదిహేనేళ్లుగా ఈ జనం పాటలు కట్టి పిలుచుకున్న లఫార్గ్ ఆ ఈలల మధ్య బరువుగా నడిచాడు.

రెమీ లేచాడు. మెట్లు దిగి, కంచె దాటి, బెంచీ మీంచి జట్టు కోటొకటి తీసుకుని, లోపలి గదులకి వెళ్లే సొరంగం ముందు అతని భుజాల మీద కప్పాడు. లఫార్గ్ మొహం బురదతో, చెమటతో నల్లగా ఉంది. ఆ మనిషి భయపడడం రెమీ మొదటిసారి చూశాడు.

"అంతా నీ వల్లే రా," అన్నాడు లఫార్గ్. "ఆ చెయ్యి చూపించావు. అప్పట్నుంచీ కళ్లు మూసుకుంటే అదే."

"పద. కూర్చో ముందు."

"ఈలలు వేస్తున్నారు. నాకు! మా అక్క కూడా అక్కడే ఉంది."

"వెయ్యనీ."

ఇద్దరూ సొరంగంలోకి నడిచారు. వెనకాల పెద్ద కేక లేచింది. సంతోషమో, బాధో లోపలికి తెలియలేదు. చూడ్డానికి ఇద్దరిలో ఎవరూ వెనక్కి తిరగలేదు. డాక్టర్ గది తలుపు దగ్గర లఫార్గ్ ఆగి, అంత పెద్ద చేత్తో రెమీ మణికట్టు పట్టుకున్నాడు.

"బుధవారం పరీక్షని నేను ఊరికే తేల్చేశాను రా. నవ్వుతూ చెప్పేశాను. ఇప్పుడేమో... కష్టంగా ఉంటుందా అది, నటించకుండా మన బుర్రతోనే చెప్పాలంటే?"

"ఉంటుంది," అన్నాడు రెమీ. "నేను బయటే ఉంటాను. వెళ్లి నిజంగా చెప్పు."

తలుపు తెరిచి పట్టుకున్నాడు.